స్టెమ్ సెల్ రాష్ట్ర కన్వీనర్

రాష్ట్ర ప్రజల ఒంట్లో పడి ఉన్న కొవ్వును ఇకమీదట ఒక్క చుక్క కూడా వృథా పోనివ్వబోమని మంత్రి వెంకటప్పయ్య గారు విజయవాడ సభలో ప్రకటించారు. మనిషి కొవ్వులోంచి స్టెమ్ సెల్స్ వేరుచేసే కేంద్రాన్ని గన్నవరంలో తెరుస్తున్నామని కాగితం చూసి చదివారు. అర్థం చేసుకుంటూ చదివితే సభ ఆలస్యమవుతుందని ఆయన ఎప్పుడూ అలాంటి పని చేయరు. ప్రజల సమయమంటే ఆయనకు అంత గౌరవం.

కంకిపాడు బాలశౌరి ఈ ప్రసంగాన్ని ఆఖరి వరుసలో జెండా కర్ర పట్టుకుని విన్నాడు. ఇరవై రెండేళ్ళుగా అతనిది ఆ వరుసే. పార్టీలో లీగల్ సెల్ ఉంది, మీడియా సెల్ ఉంది, రొయ్యల రైతుల సెల్ ఉంది, ఫోటోగ్రాఫర్లకు కూడా ఒక సెల్ ఉంది. అన్నింటికీ కన్వీనర్లున్నారు. బాలశౌరికి మాత్రం ఎందులోనూ చోటు దొరకలేదు. మంత్రిగారి నోట కొత్త సెల్ పేరు వినగానే జెండాను పక్కవాడి చేతిలో పెట్టి వేదిక దగ్గరికి పరిగెత్తాడు.

"స్టెమ్ సెల్‌కి కన్వీనర్‌గా ఎవరినన్నా అనుకున్నారాండీ?"

మంత్రిగారు అతన్ని ఎగాదిగా చూశారు. "ఇంకా లేదయ్యా. నువ్వు చూసుకో."

సాయంత్రానికి లెటర్‌హెడ్ మీద ఉత్తర్వు వచ్చింది. తెల్లారేసరికి కంకిపాడు సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. ఇంతకీ ఆ సెల్ ఎవరికని భార్య జోజమ్మ అడిగింది. స్టెమ్ అంటే కాండం కదా, అరటి రైతులకై ఉంటుందని బాలశౌరి చెప్పాడు.

ఉత్తర్వు అడుగున చిన్న షరతు ఉంది. నెలలోగా సెల్‌కు సభ్యులను చూపించకపోతే పదవి రద్దు. బాలశౌరి అరటి తోటలన్నీ తిరిగాడు. పామర్రు దగ్గర పుల్లయ్య అనే రైతు పేపరు చదివే మనిషి. అతను కాగితాలు పట్టుకుని నిలబడి, "సభ్యత్వమంటే ఆధార్, ఫోటో అనుకున్నాను. కొవ్వు కూడా ఇవ్వాలంటగా?" అన్నాడు. అప్పుడు తెలిసింది బాలశౌరికి తన సెల్ ఎలాంటిదో. ఆ మాట పాకాక ఎవరూ చేరలేదు.

గడువు మూడు రోజులుందనగా గన్నవరం కేంద్రానికి వెళ్ళాడు. అక్కడ డాక్టర్ అఫ్సానా ఒక్కతే ఉంది. మిషన్లన్నీ వచ్చాయనీ, కొవ్వు ఇచ్చేవాళ్ళే రావడం లేదనీ చెప్పింది. ఎలా తీస్తారని అడిగితే ఓపిగ్గా వివరించింది. కొవ్వును ఉప్పునీటితో కడుగుతారట. ఎంజైమ్ పోసి, గోరువెచ్చగా గంటసేపు కదిపితే కణాలు పట్టు వదులుతాయట. ఎంజైమ్ లేకుండా, రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ నెట్టి కూడా విడదీయవచ్చట. మొదటిది ఖర్చు, కానీ ఎక్కువ వస్తాయి. రెండోది చవక, తక్కువ వస్తాయి.

"మా సభలక్కూడా ఇవే రెండు పద్ధతులమ్మా," అన్నాడు బాలశౌరి.

చివర గిరగిరా తిప్పే మిషన్‌లో పెడతారట.

"అందులో పనికొచ్చేవేవమ్మా?"

"అడుగుకి చేరేవండీ. పైన తేలేది ఉత్త నూనె. పారబోస్తాం."

పైన తేలేవాళ్ళను పారబోసే చోటు ఒకటుందని ఇరవై రెండేళ్ళలో అతనికి ఎవరూ చెప్పలేదు.

సభ్యులెవరూ రాకపోతే తానే మొదటి సభ్యుణ్ణని, తన ఒంట్లోంచే తీయమన్నాడు. సాక్షి సంతకానికి వచ్చిన జోజమ్మ, "పార్టీ మీ దగ్గర తీసుకోనిది అదొక్కటే మిగిలింది, అదీ ఇచ్చేయండి," అని సంతోషంగా సంతకం పెట్టింది. మొద్దుబార్చే ఇంజెక్షన్ చేసి పొట్టలోంచి సిరంజీడు కొవ్వు తీశారు. మర్నాటికి అందులోని కణాల లెక్క తేలింది. వార్త పేపర్లో వచ్చింది. చోటు చాలక శీర్షిక కుదించారు: 'గన్నవరంలో వేరుపడ్డ స్టెమ్ సెల్'.

పని ఒత్తిడి వల్ల మంత్రిగారు శీర్షికలు మాత్రమే చదువుతారు. వెంటనే ఫోన్ చేశారు.

"ఏమయ్యా, సెల్ వేరుపడిందా?"

"మొన్ననే అండీ. డాక్టరమ్మ దగ్గరుండి చేయించింది."

"నాకొక మాటన్నా చెప్పకుండా? ఎంత బలం?"

"ముప్పై లక్షలండీ."

అవతల గ్లాసు కింద పడిన చప్పుడైంది. "ఇన్నాళ్ళూ ఒక్కళ్ళూ కనపడలేదేమయ్యా?"

"లోపలే ఉన్నాయండీ. కొవ్వు అడ్డమొచ్చి కనపడలేదు."

మామూలు రోజుల్లో అయితే తనకు కొవ్వని అన్నందుకు మంత్రిగారు సస్పెండ్ చేసేవారు. ఇప్పుడు అవసరం ఆయనది. జనాన్ని 'ఉన్నాయి, వచ్చాయి' అనడం ఆయనకూ అలవాటే కనుక ఇంకే తేడా తెలియలేదు.

"గట్టివేనా?"

"నూటికి తొంభై బతికే ఉన్నాయంట."

"వేరే పార్టీలోకి పోతాయా?"

"ఎటు కావాలంటే అటు మారతాయండీ. వాటి గొప్పతనమే అదంట."

మంత్రిగారి గొంతు మెత్తబడింది. "నీకేం కావాలో చెప్పు తమ్ముడూ."

ఉన్నమాట చెబుదామనే బాలశౌరి నోరు తెరిచాడు. ఎదురుగా జోజమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది.

"మీ దయండీ," అన్నాడు.

వారంలో బాలశౌరి కాలువల్లో తేలే గుర్రపుడెక్క నిర్మూలన మండలికి ఛైర్మన్ అయ్యాడు. ప్రమాణ స్వీకారానికి ముప్పై లక్షల్నీ వెంటబెట్టుకు రమ్మని కబురొచ్చింది. విజయవాడలో మైదానం చదును చేసి, టీవీల వాళ్ళను పిలిచారు. బాలశౌరి భుజానికి ఐస్ డబ్బా తగిలించుకుని, డాక్టరమ్మతో కలిసి వేదికెక్కాడు.

"మనవాళ్ళేరి?" అన్నారు మంత్రిగారు, ఖాళీ మైదానాన్ని చూస్తూ.

బాలశౌరి మూత తీశాడు. "అన్నీ ఇందులోనే ఉన్నాయండీ. కుదపొద్దన్నారు."

చిన్న గాజు గొట్టం అడుగున బియ్యపు గింజంత ఏదో ఎర్రగా కనబడింది. మంత్రిగారు దాన్ని చూశారు, కెమెరాలను చూశారు. తర్వాత గొట్టానికి రెండు చేతులూ జోడించి మైకు అందుకున్నారు.

"ఈనాటి సభకు ముప్పై లక్షలు తరలివచ్చాయి!"

మర్నాడు పేపర్లన్నీ అలాగే రాశాయి.

ఆ రోజు వేదిక దిగుతూ మంత్రిగారు డాక్టరమ్మను పక్కకు పిలిచారు. తన పొట్ట మీద చెయ్యి వేసుకుని, "ఇందులో ఏపాటి ఉంటాయమ్మా?" అని అడిగారు.

ఆమె కళ్ళతోనే కొలిచింది. "తీసి చూడాలి సార్. పైన తేలేదే ఎక్కువ రావచ్చు."

"తేలేదే కదమ్మా మనకు కావాల్సింది," అని మంత్రిగారు తృప్తిగా కారెక్కారు.