విమానం కింద నిమ్మకాయలు

భానుచందర్ ఆ పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆటో, పదింటికి వైవా. నాలుగు నెలలు చేతులు కాయలు కాసేలా చేసిన ‘విడదీసి కలిపే ప్రయాణికుల విమానం’ నమూనాను సార్ల ముందు పెట్టాలి. సీట్ల గదిని పది సెకన్లలో ఊడదీసి, సరుకుల గది బిగించి చూపాలి. ప్రాజెక్టంటే ఆ పది సెకన్లే. అది తప్పితే ఇంజినీరింగు ఇంకో ఏడాది సాగుతుంది.

ఎనిమిదిన్నరకు నాయనమ్మ యాకమ్మ కొబ్బరికాయతో అడ్డం నిలబడింది.

"కొత్త బండికి పూజ చెయ్యకుంట ఎట్ల తీస్తవ్‌రా?"

"ఇది బండి కాదే నాయినమ్మా, ప్లాస్టిక్కు బొమ్మ!"

"చక్రాలున్నయి గద?"

ఉన్నాయి, మూడు. ఖర్మ! "జర ఒక్క బొట్టు పెట్టు, చాలు" అన్నాడు. అక్కడే కొంప మునిగింది. బొట్టు వెనక నిమ్మకాయలు వచ్చాయి. నిమ్మకాయలు వచ్చాక కొబ్బరికాయ కొట్టక తప్పదు, ఆ నీళ్లు విమానం మీద చల్లక తప్పదు. "లోపల కూసునేటోళ్లకు" అంటూ బెల్లం ముక్కలు కిటికీలోంచి సీట్ల మీదికి వెళ్లాయి. చివరికి ఎర్రదారం విమానం నడుముకు తొమ్మిది చుట్లు తిరిగింది. మనవడు దాన్ని తెంపుతాడేమోనని ఆమె కూడా ఆటో ఎక్కి, విమానాన్ని ఒళ్లో పెట్టుకుంది.

దారిలో బెల్లం కొబ్బరినీళ్లలో కరిగి సందుసందుకూ దిగింది. కాలేజీ ఏసీ గదిలో గట్టిపడింది.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పెద్దసారు, "ఊ, ఊడదియ్యి" అన్నారు.

భానుచందర్ దారం పక్కకు జరిపి సీట్ల గదిని లాగాడు. రాలేదు. బల్లకు కాలు తన్ని లాగాడు. బల్ల వచ్చింది. ఏడుపొక్కటే తక్కువై కత్తెర తీశాడు.

"ఆగవయ్యా! పూజ చేసిన దారం కోస్తవా?" సారు బూట్లు విప్పి మరీ లేచారు. "ఎవరు చేసిన్రు పూజ?"

తలుపు దగ్గరున్న యాకమ్మ పిలిచినట్టే లోపలికొచ్చి, సారు చేతిలో కొబ్బరిముక్క పెట్టింది. ఆయన కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు. విమానాన్ని రెక్క పట్టి ఎత్తి ఊపారు. ఒక్క ముక్కా కదలలేదు.

"పొద్దుగాల్నుంచి చూస్తున్న, పిల్లలు తెచ్చినయన్నీ ముట్టుకుంటే ఊడినయే. ఇదొక్కటే గట్టిగున్నది."

"సార్, ఊడాలె సార్! ఊడుడే నా ప్రాజెక్టు!"

"ఊకో బిడ్డా, పెద్దసారు మంచిగున్నదంటాండు" అని యాకమ్మ గదిమింది.

సారు కొబ్బరి నములుతూ కాగితం నింపి చేతికిచ్చారు. ‘విడదీసి కలిపే ప్రయాణికుల విమానం’ అన్న పేరు కింద ఇలా ఉంది: "తొంభై మార్కులు. ఏ భాగమూ విడిపోదు."