చేప అక్కర్లేని గాలం

మొదట్లో నా చేతిలో ఉన్న సరుకు ఇది: ఒక వెదురు కర్ర, దానికో దారం, దారానికో గాలం, నీటిమీద తేలే బెండు, ఒక ఖాళీ ఆదివారం, చెరువు గట్టున రెండు పీటలు. ఒక పీట మీద నేను, రెండోదాని మీద మా మామగారు. పెట్టుబడి స్వల్పం. రాబడి అప్పుడప్పుడూ ఒక చేప. తాళాలూ గొళ్ళేలూ అమ్ముకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలంటారా? అక్కడే పొరబడ్డారు!

చేపలు పట్టే సరదాను ఇన్నేళ్లుగా పాడుచేస్తున్నది ఒక్కటే. చేప!

ఆలోచించండి. చేప చెప్పిన వేళకు రాదు. వచ్చినా ఎర తినేసి చక్కా పోతుంది. కొట్లో అన్నీ తిరగేసి, ఏమీ కొనకుండా వెళ్లే మనిషికీ దానికీ తేడా ఏముంది? అలాంటిదాన్ని నమ్ముకుని ఎవరైనా పొద్దున్నే లేస్తారా?

ఈ చిక్కు విప్పిన మహానుభావులు మా వీధి చివరి మైదానంలోనే దొరికారు. ఈకలతో కట్టిన దొంగ ఈగను నీటిమీదికి విసిరి చేపను మోసం చేసే విద్య ఒకటుంది కదా! వీళ్లు అందులోంచి చేపను తీసేశారు. నీటిని తీసేశారు. చివరికి ఈగనూ తీసేశారు. మిగిలిన విసురుకు క్లబ్బు పెట్టారు. గడ్డిలో నిలబడి, రాడ్డుతో, అంటే మన కర్రతో, లైనును, అంటే మన దారాన్ని, వెనక్కీ ముందుకీ ఊపి ఊపి వీలైనంత దూరం వెయ్యాలి. గాలం ఉంటే ఎవరి చెవికైనా తగులుకుంటుందని కొసన ఎర్ర ఉన్ని కుచ్చు కడతారు. అది పడ్డచోటికి టేపు పెట్టి కొలుస్తారు. అంతే పోటీ!

వ్యాపారిగా చెబుతున్నాను, చేతులెత్తి మొక్కాల్సిన తెలివి ఇది. చేప కావాలన్నవాడు ఒక గాలం కొని వెళ్లిపోతాడు. దూరం కావాలన్నవాడో? దూరానికి అంతెక్కడ?

వెంటనే క్లబ్బులో చేరిపోయాను. మా కోచ్ వృత్తికి పళ్ల డాక్టరు. "మీ విసురులో లోపం లేదండీ, లైనులో ఉంది" అన్నాడు. లైను కొన్నాను. "లైను బంగారం. రాడ్డే దాన్ని మోయలేకపోతోంది" అన్నాడు. రాడ్డు కొన్నాను. రాడ్డుకు తగ్గ రీలు. లైను చుట్టలు కాళ్లకు చుట్టుకోకుండా నడుముకు బుట్ట. గడ్డికి తగులుకోకుండా కింద పట్టా. లైనుకు పూసే నూనె, నూనె తుడిచే గుడ్డ, గుడ్డ పెట్టుకునే సంచి. గాలి ఎటు వీస్తోందో చెప్పే బుల్లి చక్రం. మునుపు వేలు తడిచేసి చూసుకునేవాణ్ణి. ఎంత అనాగరికం! తాళానికి వచ్చినవాడికి గొళ్ళెం, గొళ్ళేనికి వచ్చినవాడికి తలుపే అంటగట్టిన చెయ్యి నాది. అయినా ఆ పళ్ల డాక్టరు ముందు నావి ఇంకా పాలపళ్లే!

ఇక ఇంటికి ఒరిగిన మేలు చెప్పనా? కుడి భుజం పట్టేయడంతో ఎడమ చేత్తో అన్నం తినడం వచ్చింది. నూనె పూసిన లైను ఆరబెట్టడానికి హాల్లోంచి వంటగది కిటికీదాకా కట్టాను. ఇంటిల్లిపాదీ వంగి నడుస్తున్నారు. నడుముకు ఎంత మంచిది!

ఈ అభివృద్ధి చూసి ఓర్వలేకపోయింది మా ఆవిడ.

"ఏమండీ, ఇంత సామాను కొన్నారే, ఒక్క చేపైనా తెచ్చారా?"

"చేపది వేరే శాఖ. మాది దూరం."

"శాఖల సంగతి నాకెందుకు? ఈ ఆదివారం నాన్నతో చెరువుకు వెళ్లండి. ఒక్క చేప తెస్తే సామాను ఇంట్లో ఉంటుంది. లేదంటే మొత్తం మీ కొట్లో, తాళాల పక్కన అమ్మకానికి పెట్టిస్తా."

అని ఊరుకుందా? సాక్షిగా తనూ బయల్దేరింది.

"రావయ్యా అల్లుడూ, ఎన్నాళ్లకు! నీ పీట దుమ్ము కొట్టుకుపోయింది. తుడిచి ఉంచాను, కూర్చో" అన్నారు మామగారు.

"కూర్చుంటే విసురు రాదు మామయ్యగారూ."

ఖాళీ పీట మీద మా ఆవిడ కూర్చుంది. ఊరికే కూర్చోవడమెందుకని మామగారు దాచి ఉంచిన నా పాత వెదురు కర్ర అందుకుంది.

నేను బుట్ట కట్టుకుని, పట్టా పరిచి, చక్రం చూసి విసిరాను. ఏం విసురది! లైను చెరువు దాటి అవతలి గట్టున పొదల్లో పడింది.

మామగారు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. "భేష్! పొదల్లో చేపలుంటాయని నాకు ఇన్నాళ్లూ తెలీదయ్యా!"

వినిపించుకోకుండా లైను లాక్కుంటున్నాను. కుచ్చు నీటి నడుమకు వచ్చేసరికి ఒక చేప లేచింది. మోచేయంత చేప! కుచ్చును గబుక్కున అందుకుంది. రాడ్డు వంగింది. "పట్టు! పట్టు!" అంటూ మామగారు పీట మీంచి లేచారు. చేప కాస్త ఉన్ని నమిలింది. రుచి నచ్చలేదు కాబోలు, ఉమ్మేసి వెళ్లిపోయింది.

"గాలం ఏదయ్యా?"

సంచి తడిమాను. నూనె ఉంది, గుడ్డ ఉంది. మైదానంలో ఎన్నడూ అవసరపడని వస్తువు ఒక్కటి మాత్రం లేదు.

"మా క్లబ్బులో గాలం వాడం మామయ్యగారూ."

చెవి లేని తాళం బేరమాడి కొన్నవాణ్ణి చూసినట్టు చూశారాయన.

"నాన్నా, బెండు మునిగింది!" అని కేకేసింది మా ఆవిడ. గట్టు పక్కనే, కాలు జాపితే తగిలేంత దగ్గర! చేపను పైకి లాగుతూ, "ఏమండీ, కాస్త అటు జరగండి. మీ లైను అడ్డమొస్తోంది" అంది.

ఇక లెక్క తేల్చేద్దాం. సామానంతా కొట్లో తాళాల పక్కన ఉంది. రండి, ముందు లైను చూపిస్తాను, రాడ్డు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నడుము బుట్ట ఒక్కటే ఇంట్లో మిగిలింది. తండ్రీ కూతుళ్లు పట్టిన చేపలు అందులో వేస్తారు. మోసేది నేను.

ఆదివారాలు వాళ్లిద్దరూ పీటల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు. నేను వెనక నిలబడి వింటుంటాను. మూడో పీట ఒకటి ఉంటే బాగుండును. కానీ కొనడం అన్న మాట మా ఆవిడ నన్ను ఎత్తనివ్వడం లేదు!