మెరిసే రంగు సీసా

1949లో గచ్చిబౌలి ఊరి బయట, బండరాళ్ళ మధ్య ఒక పాత బంగళాలో మొక్కల పరిశోధన కేంద్రం ఉండేది. అందులో పోచయ్య అటెండరు. ఊళ్ళో ఎవరైనా "ఆడ ఏం పని చేస్తరే?" అని అడిగితే చాలు, అతని ఛాతీ రెండంగుళాలు పెరిగేది. "చెట్టయినా మనిషయినా లోపట సన్న సన్న అరలుంటయి. ఒక్కో అరల ఒక్కో గింజుంటది. మేం ఆ గింజకు రంగేసి, నీలం దీపం కింద పెట్టి చూస్తం. చుక్క లెక్క మెరుస్తది," అనేవాడు.

నిజానికి ఆ మెరుపును పోచయ్యే కాదు, డాక్టర్ లింగమూర్తి గారు కూడా అంతవరకు చూడలేదు. కాకినాడ నుంచి వచ్చిన ఆయన మూడు నెలలుగా ఉల్లి వేళ్ళ కొసలు కోసి, గింజలో ఉండే కేంద్రకామ్లాన్ని పట్టుకునే నారింజ రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తూనే ఉన్నారు. గింజలు కనబడేవి కావు. గాజుపలక అంతా ఎర్రగా మండే ముద్దలా కనబడేది. రంగు చాలలేదేమోనని ఆయన వారం వారం దాన్ని ఇంకా చిక్కగా కలిపేవారు.

ఆ రోజు పదకొండు గంటలకు పట్నం నుంచి డైరెక్టర్ బాలనర్సయ్య గారు తనిఖీకి వస్తున్నారు. చూపించడానికి ఏమీ లేకపోతే నీలం దీపాన్ని, సూక్ష్మదర్శినిని తాను వచ్చిన కారులోనే పట్టుకుపోతారు. లింగమూర్తి గారు పొద్దున్నే పోచయ్యను పిలిచి, "కుర్చీలు తుడిచిపెట్టు. నల్లతెరలు సరిచెయ్యి. ఆ రంగు సీసా జోలికి మాత్రం వెళ్ళకు," అని చెప్పి స్నానానికి వెళ్ళారు.

సరిగ్గా అప్పుడే పోచయ్య భార్య సత్తెమ్మ అతనికి సద్ది తెచ్చింది. ఊళ్ళో పాలు పోసే మనిషి. భర్త పనిచేసే గదిని ఆమె చూడడం అదే మొదలు. ఇంత దూరం వచ్చిన భార్యకు సీసా చూపించకుండా ఉండడం పోచయ్య వల్ల కాలేదు.

"ఇగో, గిదే! లండన్‌కెళ్ళి ఓడల వచ్చింది," అంటూ సీసాను కిటికీ వెలుగులోకి ఎత్తాడు. బిరడా సరిగా బిగించి లేదు. రంగంతా మోచేతుల దాకా కారి, బల్ల మీద మడుగు కట్టింది. సీసా అడుగున కాస్త మిగిలింది.

"అయ్యో, ఇదేందయ్యా!" అంది సత్తెమ్మ.

"నువ్వు పరేషాన్ కాకు," అన్నాడు పోచయ్య, పరేషానంతా తన గొంతులోనే వినబడుతుండగా. భుజం మీది తువ్వాలతో బల్ల తుడిచి, దాన్ని బక్కెటలో పిండి, చేతులూ అందులోనే కడుక్కున్నాడు. తరవాత కొలత గ్లాసుతో కుండలోని మంచినీళ్ళు ముంచి, సీసాలో గబగబా పోసి, మునుపటి గీత దాకా నింపాడు. "రంగు గట్లనే ఉంది. సార్‌కు తెల్వది."

అతను తెరలు సరిచేస్తుంటే, భర్తకు సాయం చేద్దామని సత్తెమ్మ ఆ బక్కెట నీళ్ళతోనే కుర్చీలు, బల్లలు, తలుపు పిడి శుభ్రంగా తుడిచింది. పగటి వెలుగులో ఎక్కడా మరక కనబడలేదు. గది అద్దంలా ఉందని ఇద్దరూ సంతోషించారు.

బాలనర్సయ్య గారు చెప్పిన వేళకే వచ్చారు. తలుపు పిడి తిప్పి, కుర్చీ చేతుల మీద చేతులు ఆనించి కూర్చున్నారు. గుబురు మీసాన్ని రెండు పక్కలా దువ్వుకోవడం ఆయన అలవాటు. నుదుటి చెమట కూడా చేత్తోనే తుడుచుకున్నారు. లింగమూర్తి గారు బల్లను ఆనుకుని నిలబడి కంగారుగా కళ్ళజోడు సవరించుకున్నారు. పోచయ్య తెరలు దించాడు. బయట దీపానికి కరెంటిచ్చే ఆయిలింజను దడదడలాడింది. నీలం దీపం వెలిగింది.

చీకట్లో మొదట బాలనర్సయ్య గారి మీసం మెరిసింది, ఆకుపచ్చగా. తరవాత ఆయన నుదురు, అరచేతులు. ఆ పక్కన లింగమూర్తి గారి ముక్కు.

"డాక్టర్ సాబ్, నా చేతులకు ఏమైంది? దవాఖానకు పోవాల్నా?" బాలనర్సయ్య గారు అరచేతుల్ని ఒంటికి దూరంగా పట్టుకున్నారు.

లింగమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. పోచయ్యే ముందు అందుకున్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్. ఎవలి ఒంట్ల జీవం ఎక్కువుంటదో వాళ్ళు గిట్ల మెరుస్తరు."

"అట్లనా!" బాలనర్సయ్య గారు తెప్పరిల్లి, మీసాన్ని ఇంకోసారి దువ్వుకున్నారు. "మా ఇంట్ల అందరం గట్టోళ్ళమే." అంటూ పోచయ్య వైపు తిరిగారు. మోచేతుల దాకా రెండు చేతులూ దివిటీల్లా వెలుగుతున్న అటెండరు కనబడ్డాడు. డైరెక్టరు గారి ముఖం మాడిపోయింది. "ఏమయ్యా, నాకన్న నీకే ఎక్కువ జీవముందా?"

తలుపు దగ్గర నిలబడ్డ సత్తెమ్మ ఇక ఊరుకోలేకపోయింది. ఆమె చేతులు కూడా వెలుగుతున్నాయి. "జీవం కాదు సార్, రంగు. మా ఆయన ఒలకబోసిండు. ఆ నీళ్ళతోనే నేను కుర్చీలు తుడిచిన. సీసాల నీళ్ళు కలిపిండు."

లింగమూర్తి గారు కుర్చీలో కూలబడ్డారు. పోచయ్య తల వంచుకుని, "తప్పయింది సార్. నౌకరీ తీసేసినా సరే. మా ఆమెకు మన పని చూపియ్యాలని పాణం కొట్టుకున్నది," అన్నాడు. అలా అంటున్నప్పుడు కూడా 'మన పని' అనే మాటను అతను గర్వంగానే పలికాడు.

"ఇంత దూరం వచ్చిన. ఉన్నదే చూపియ్యుండ్రి, డాక్టర్ సాబ్," అన్నారు బాలనర్సయ్య గారు విసుగ్గా.

ఆశ లేకపోయినా, లింగమూర్తి గారు ఉల్లివేరు కొసను ఆ నీళ్ళ రంగులో ముంచి, కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టారు. కన్ను ఆనించారు. ఎంతసేపటికీ తీయలేదు.

"ఏమండీ..." అన్నారు చివరికి, ఎవరిని పిలుస్తున్నారో తనకే తెలియకుండా. "కనబడుతున్నాయండీ!"

నల్లటి చీకట్లో వరసగా అరలు, ప్రతి అర నడుమా గుండ్రటి ఆకుపచ్చ గింజ. రంగు చాలక కాదు, మరీ ఎక్కువై ఇన్నాళ్ళూ కనబడలేదు; చిక్కగా ఉంటే ఎర్రగా మండే ఆ రంగు, పలచబడితేనే ఆకుపచ్చగా మెరుస్తుంది. బాలనర్సయ్య గారు చూసి, దీపం ఇక్కడే ఉంటుందన్నారు. పోచయ్య చూసి కళ్ళు తుడుచుకున్నాడు. దాంతో కనురెప్పలు కూడా మెరిశాయి.

"నీళ్ళు ఎంత పోశావు పోచయ్యా? సరిగ్గా చెప్పు!" లింగమూర్తి గారు అతని భుజాలు పట్టుకుని ఊపారు.

పోచయ్య తెల్లబోయాడు. "గీత దాక, సార్... గాబరల పోసిన."

"సీసాల ఒక్క గ్లాసు రంగు మిగిలింది. తొమ్మిది గ్లాసుల నీళ్ళు పోసిండు," అంది సత్తెమ్మ. "నిండు గ్లాసులే, తలగొట్టి. పాలు పోసేదాన్ని, ఎవలు ఏం పోసినా లెక్కపెడ్తనే ఉంట."

లింగమూర్తి గారు ఆమె చెప్పినట్టే మళ్ళీ కలిపి చూశారు. గింజలు మళ్ళీ మెరిశాయి. ఇంకోసారి కలిపారు, ఇంకోసారి మెరిశాయి. ఆ సాయంత్రం గచ్చిబౌలిలో పోచయ్య ఇంటింటికీ తిరిగి, తన భార్య లేకపోతే పరిశోధనే లేదని చెప్పుకున్నాడు. సత్తెమ్మ వద్దన్నకొద్దీ ఇంకో రెండిళ్ళు ఎక్కువ తిరిగాడు.

నెల తిరక్కుండానే రంగులు కలిపే ఉద్యోగానికి సత్తెమ్మ పేరు పైకి వెళ్ళింది. దరఖాస్తులో చదువు అన్న గడి దగ్గర లింగమూర్తి గారు కాసేపు కలం ఆపి, "డాక్టరు కన్నా బాగా లెక్కపెట్టగలదు" అని రాసి, కింద సంతకం చేశారు.