మాస్టారి నలభై మూడు సెట్లు

ఆ శనివారం మాస్టారి కార్యక్రమం చాలా సులువైనది. తొమ్మిదింటికి స్నానం, పదింటికి పళ్లు, పదకొండింటికి ఉపన్యాసం.

పళ్లంటే పై వరస కట్టుడు పళ్లు. చిగుళ్లకు ఒరుసుకుంటున్నాయని పళ్ల డాక్టరుకిస్తే, అరగదీసి పొద్దున్నే నర్సు చేత పంపిస్తానన్నాడు. ఉపన్యాసం ఊళ్లోని గ్రంథాలయంలో. విషయం ‘సెట్’ అనే ఇంగ్లీషు మాట. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారిని మళ్లీ మాట్లాడమని పిలిచింది ఇదే మొదటిసారి. జనానికి నచ్చితే ప్రతి శనివారం ఆయనకే ఇస్తానని లైబ్రేరియనమ్మ మాటిచ్చింది. ఇంట్లో తన మాట వినేవాళ్లు కరువైపోయారు గనుక, మాస్టారు ఆ శనివారాల మీదే ప్రాణాలు పెట్టుకున్నారు.

ఆరు నెలలుగా ఎవరి నోట ‘సెట్’ అని వినబడినా ఆగి, చెవి ఒగ్గి, నోట్‌బుక్కులో రాసుకుంటున్నారు. టీవీ సెట్టు, నాటకం సెట్టు, టెన్నిస్ సెట్టు. సిమెంటు గట్టిపడితే సెట్టయింది, జంట కుదిరినా సెట్టయింది. ఒక గుమాస్తాకు కొత్త కుర్చీ సెట్ కాలేదు. మంగలి తలంతా చెరిపి "సెట్ చేశానండీ" అన్నాడు. అలా మొత్తం నలభై మూడు తేలాయి.

"నా షెట్టు వష్తే టేబుల్ మీద పెట్టు" అని భార్యకు చెప్పి మాస్టారు స్నానానికి వెళ్లారు. పై పళ్లు లేక సకారం షకారమైంది. ఏ సెట్టని ఆవిడ అడగలేదు. ఆరు నెలలుగా ఆయన రోజుకో సెట్టు చెబుతున్నారు, ఆవిడ వినడం మానేసి ఐదు నెలలైంది.

అంతకు గంట ముందే కోడలు ఆఫీసుకు వెళుతూ ఇంకో మాట చెప్పింది. "అత్తయ్యా, నాకో సెట్ వస్తుంది. బదిలీ మీద వెళ్తున్న మా మేడమ్‌కి గిఫ్టు. రంగు కాగితం చుట్టి మా ఆఫీసు డ్రైవర్‌కి ఇచ్చేయండి, మర్చిపోకండేం."

ముందు వచ్చింది అరచేతిలో ఇమిడే తెల్లపెట్టె. తెచ్చినమ్మాయి డ్యూటీకి వేళయిందని చేతిలో పెట్టి పరుగెత్తింది. చుట్టూ టేపు, పైన ‘సెట్, జాగ్రత్త’ అని రాత. మాస్టారి భార్య దాన్ని చెవి దగ్గర ఆడించి చూసింది. లోపల గలగలమంది.

"నగల సెట్టు! తేలిగ్గా ఉంది, ముత్యాలే అయ్యుంటాయి. మేడమ్‌కి ముత్యాలూ, నా పుట్టినరోజుకి జేబురుమాలూనా?" అని మూతి ముడుచుకుంది. అయినా పని పనే కదా. బంగారు రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టి, డ్రైవర్‌కి అప్పగించింది. ఆ తర్వాత వచ్చిన పెద్ద అట్టపెట్టె మీద కూడా ‘సెట్’ అనే ఉంటే, దాన్ని భర్త టేబుల్ మీద పెట్టింది.

మాస్టారు వచ్చి మూత తీశారు. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, ఒక కెటిల్.

"ఏమోయ్, ఇవి నోట్లో ఎలా పెట్టుకోను?"

"కప్పుల్ని నోట్లో ఎవరు పెట్టుకుంటారండీ? పెదవికి ఆనించుకుంటారు గానీ!"

అసలు సంగతి తేలడానికి పది నిమిషాలు పట్టింది. "నగల షెట్టు అనుకున్నావా!" అని మాస్టారు నెత్తి బాదుకున్నారు. బాదుకున్న చేత్తోనే నోట్‌బుక్కు తీసి, నగల సెట్టు ఇన్నాళ్లూ ఎలా తప్పించుకుందా అని విస్తుపోతూ నలభై నాలుగోదిగా రాసుకున్నారు. తర్వాత కోడలికి ఫోన్ చేశారు.

"అమ్మాయ్, నా షెట్టు మీ ఆఫీషుకొచ్చింది!"

"ఏ చెట్టు మామయ్యా?"

"చెట్టు కాదు, షెట్టు!"

"షెడ్డా? స్కూటర్ షెడ్డుకిచ్చారా? అయ్యో, లైబ్రరీకి ఎలా వెళ్తారు మరి? కంగారుపడకండి, మా డ్రైవర్‌ని పంపిస్తున్నా" అని కోడలు పెట్టేసింది.

డ్రైవర్ ఉత్త చేతులతో వచ్చాడు. "ఆ గిఫ్టాండీ? మేడమ్ టేబుల్ మీద పెట్టేశాను. పదకొండింటికి అందరి ముందూ విప్పుతారట."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది ఆయనకు. "అమ్మాయికి నేను ఫోన్ చేస్తాలెండి. మీరు నోరు మూసుకుని కూర్చున్నా శనివారాలు పోతాయి, తెరిచినా పోతాయి. తెరిచే చూడండి" అని భార్య ఆయన్ని కారెక్కించింది.

గ్రంథాలయంలో నలభై మంది దాకా ఉన్నారు. మాస్టారు లేచి గొంతు సవరించుకున్నారు.

"ఈ రోజు మన మాట... షెట్టు."

ముందు వరసలోని టైలరు మెడ చాచాడు. "చెట్టాండీ?"

"కాదు, షర్టన్నారు" అంది పక్కావిడ. "షట్టరేమో" అన్నారు వెనక నుంచి. మాస్టారు ఇక గత్యంతరం లేక, "అదేదో మీరే కనుక్కోండి! షిమెంటు గట్టిపడితే ఏమైందంటారు?" అన్నారు.

"ఆరిందంటాం!"

"పెళ్లి కుదిరితే?"

"అయిపోయాం అంటాం!" అన్నాడు టైలరు. హాలు గొల్లుమంది. కుర్చీలు ముందుకు జరిగాయి. ఒకరు చెప్పింది కాదని మరొకరు లేస్తున్నారు. చివరికి మూలనున్న ఒక బామ్మ చెయ్యెత్తింది.

"ఉండండి నాయనా! సిమెంటూ, పెళ్లీ... సెట్టు! నా పళ్ల సెట్టూ ఆ మాటేగా!"

మాస్టారు నోట్‌బుక్కు తిరగేసి చూశారు. రోజూ నోట్లో పెట్టుకు తిరిగే సెట్టు అందులో లేనే లేదు. ఆనందం పట్టలేక బామ్మకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. అక్కణ్నుంచి జనం ఎవరి సెట్టు వాళ్లు చెప్పుకుంటూ పోతే, గంట కార్యక్రమం రెండు గంటలైంది.

అప్పుడు కోడలు రొప్పుతూ తెల్లపెట్టెతో వచ్చింది. "మామయ్యా, అత్తయ్య ఫోన్ నేను చూసుకునేసరికే మేడమ్ విప్పేశారు!"

"ఏమన్నారు?"

"'చాలా బాగుంది, కానీ నాకు సెట్ కాదు' అన్నారు."

హాలంతా మళ్లీ గొల్లుమంది. లైబ్రేరియనమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "ప్రతి శనివారం మీదే మాస్టారూ. ఒక్కటే షరతు. ఇక్కడికొచ్చేటప్పుడు మాత్రం ఆ పెట్టె తెరవకండి."

"అలాగే" అన్నారు మాస్టారు. ఆ మాట పళ్లు లేకుండానే స్పష్టంగా వచ్చింది.