హోసూరులో హార్మోనిక్స్ నిర్మూలన

హోసూరు నుంచి హార్మోనిక్స్‌ను కూకటివేళ్ళతో పెకలించి పారేస్తామని నాణ్యమైన కరెంటు శాఖ మంత్రిగారు బహిరంగసభలో ప్రకటించారు. హార్మోనిక్స్ అంటే ఏమిటో సభలో చాలామందికి తెలియదు. మంత్రిగారికీ తెలియదు. ముఖం కూడా తెలియని శత్రువు మీద యుద్ధం ప్రకటించాలంటే ఎంత గుండె ఉండాలో మీరే ఆలోచించండి.

మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టినవాడు మాత్రం లోకనాథ్. కెలమంగలం రోడ్డులో అతనికొక షెడ్డు, షెడ్డులో ఒకే ఒక కంప్యూటర్ మిషను ఉన్నాయి. స్కూటర్ గేర్లు కోసే ఆ మిషను సగం కోతలో టక్కున ఆగిపోతుంది. ఆగితే ఆ గేరు పాత ఇనుములోకే. ఇంకొక్కసారి సరుకు ఆలస్యమైతే ఆర్డరు వేరేవాళ్ళకిస్తామని కంపెనీ తేల్చి చెప్పింది. ఆర్డరు పోతే షెడ్డూ పోయినట్టే.

కరెంటాఫీసు ఇంజనీరు ప్రతిభ అప్పటికే వచ్చి చూసింది.

"తప్పు నీ మిషన్‌ది కాదన్నా. చుట్టూ షెడ్లలో ఉండే కన్వర్టర్లు కరెంటును వాటికి కావాల్సినట్టు కోసుకుంటాయి. ఆ తునకలు మళ్ళా లైన్లోకే వస్తాయి. దాన్నే హార్మోనిక్స్ అంటారు. ఫిల్టర్లు పెట్టాల. పైకి రాసినాను."

సభ మరునాడే పార్టీ వార్డు కార్యదర్శి జయరామప్ప జీపులో దిగాడు.

"హార్మోనిక్స్ యాడుందప్పా?"

"కంటికి కనపడదన్నా. లైన్లో ఉంటాది. గుయ్‌మని శబ్దమొకటి వస్తాది."

జయరామప్ప చెవి ఒగ్గాడు. నిజంగానే షెడ్డు వెనక ఇంట్లోంచి గుయ్‌మని వినిపించింది. లోకనాథ్ తల్లి ఆదిలక్ష్మమ్మ శనివారం భజనకు హార్మోనియం సరిచూసుకుంటోంది.

"ఇది గాలితో పలుకుతాది నాయనా. దీనికి కరెంటే అక్కర్లేదు" అందామె.

"అంటే బిల్లు కట్టకుండానే నడిపిస్తా ఉండావన్నమాట" అని జయరామప్ప హార్మోనియాన్ని జీపెక్కించాడు. నేరం దాచకుండా ఒప్పుకున్నందుకు ఆమెకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. మర్యాద తెలిసిన మనిషి.

ప్రతిభ రాసిన ఫిల్టర్ల సంగతీ మంత్రిగారు మరచిపోలేదు. వారం తిరక్కుండా జయరామప్ప చేత షెడ్డుకొకటి పంపించారు. మంచి స్టీలువి. పైనొక గిన్నె, కిందొక గిన్నె, మూత మీద మంత్రిగారి బొమ్మ.

"ఇది కాఫీ ఫిల్టరన్నా" అన్నాడు లోకనాథ్.

"అయితే ఏమప్పా? పిప్పి పైన నిలుస్తాది, మంచిది కిందికి దిగుతాది. కాఫీకి ఒక న్యాయం, కరెంటుకు ఒక న్యాయమా?" అన్నాడు జయరామప్ప.

లోకనాథ్ ఫిల్టరును పక్కన పెట్టి మిషను వేశాడు. ఆ పూట ఇంకో రెండు గేర్లు పాడయ్యాయి. అతనికి ఏడుపొచ్చింది.

విజయోత్సవ సభకు అతని షెడ్డునే ఎంపిక చేశారు. మంత్రిగారికి చెమట పట్టకుండా ఏసీలు, జనానికి పెద్ద తెర, రోడ్డు పొడుగునా రంగు దీపాలు, అన్నీ ఆ షెడ్డు లైనుకే తగిలించారు. ఒక పక్కన లోకనాథ్ ఆఖరి గేర్లు కోస్తున్నాడు. ఆ ఒక్క పూట కరెంటు నిలబడితే ఆర్డరు నిలబడుతుంది. మనసులో తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు.

మంత్రిగారు వాటన్నిటికీ కలిపి పెట్టిన స్విచ్ నొక్కారు. బయట ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. దీపాలు ఆరిపోయాయి, తెర నల్లబడింది, మిషను సగం గేరులో ఆగిపోయింది.

మంత్రిగారు చలించలేదు.

"ఇప్పుడు హార్మోనిక్స్ ఎంతుందమ్మా?"

పక్కనే నిలబడ్డ ప్రతిభ చేతిలోని మీటరు చూసింది. "సున్నా సార్. అసలు కరెంటే..."

చప్పట్లలో మిగతా మాట వినపడలేదు.

"శభాష్. ఇదే లెవెల్లో మెయింటెయిన్ చేయండి" అని మంత్రిగారు అక్కడికక్కడే ఉత్తర్వు వేశారు. మైకు పలకడం లేదు కాబట్టి ముగింపు పాటకు జీపులోంచి హార్మోనియం తెప్పించి, పాట కాగానే ఆదిలక్ష్మమ్మకు ఇచ్చేశారు.

"హోసూరులో ఇంక హార్మోనిక్స్ లేదు గదమ్మా, ఇంట్లో ఇదొకటి ఉన్నా పర్వాలేదు" అని జయరామప్ప ఊరడించాడు.

కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మార్చనివ్వకుండా విజయచిహ్నంగా అలాగే ఉంచి, దండ వేశారు.

మంత్రిగారి మాట ఊరికే పోలేదు. ఆనాటి నుంచి లోకనాథ్ మిషను మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు.