ఊ కొట్టే కౌంటరు

మండలాఫీసులో కొత్తగా పెట్టిన మిషను కథ చెబుతుంది, విన్నవాడు ఊ కొడితే చెప్పింది చెప్పినట్టు జరిగిపోతుంది. మొదటి వారంలోనే ముగ్గురికి కవలలు పుట్టారు, పెళ్లికాని పోస్టుమ్యానుకి మనవలొచ్చారు, ఒకాయనకి ఏనుగొచ్చింది. ఏనుగుని పశువుల ఆసుపత్రి వెనకాల కట్టేసి, రిజిస్టరులో గేదెల కింద రాసుకున్నారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. రికార్డుకెక్కిందే నిజమవడం ఆ ఆఫీసుకి కొత్తేమీ కాదు.

అంతకుముందు ఆ కౌంటరు తెరమీద దరఖాస్తు నింపడానికి పద్నాలుగు గడులుండేవి. జనం వాటికేసి కాసేపు చూసి, దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు. అప్పుడు పట్నం నుంచి డిజైనర్లు దిగారు. మనిషికి గడులు గుర్తుండవు, కథ గుర్తుంటుంది అన్నారు. వచ్చినవాడే కథానాయకుడు కావాలి, నడుమ అతనికో కష్టం రావాలి, ప్రాణప్రదమైంది ఒకటి పోవాలి, చివర కోరింది దక్కాలి. ఈ వైపు వాళ్లు పుట్టుకతోనే ఊ కొడతారు కదా, ఒప్పుకున్నట్టు నొక్కడానికి బటనెందుకని అదీ పీకేశారు.

అసిరయ్య వచ్చింది చిన్న పనికి. కార్డులో అతని పేరు అరిసయ్య అని పడింది. రేషను షాపులో "అరిసెలెప్పుడెడతావు తాతా" అని ఒకటే నవ్వు. నవ్వుకి బాధలేదు గాని, అసిరయ్య అన్న పేరు నాయనమ్మ అసిరితల్లికి మొక్కుకుని పెట్టింది. అతని చిన్నతనంలో, ఎండ చల్లబడ్డాక వాకిట్లో నులకమంచం వాల్చి, పక్కన పడుకోబెట్టుకుని ఆవిడ కథలు చెప్పేది. అతను ఊ కొట్టేవాడు. ఒక్క ఊ తప్పిందా, "తొంగున్నావేట్రా?" అని తొడ గిల్లేది. ఆ కథలు నూట పన్నెండు ఇప్పటికీ అతని దగ్గరున్నాయి, ఒక్కటీ చెడకుండా.

కౌంటరు గుమస్తా తవిటినాయుడు కుర్చీ జరిపాడు.

"కూకో తాతా. అన్నిటికీ ఊ కొట్టకు సుమా. నిన్నొకాయన కొట్టీసి, పెళ్లాన్ని మర్సిపోయి ఒక్కడే ఎల్లిపోయాడు. ఆవిడింకా ఆ బెంచీ మీదే ఉంది."

"నానేటి సంటిపిల్లోడినా బావూ?"

మిషను గొంతు సవరించుకుంది. "అనగనగా ఒక ఊళ్లో అరిసయ్య అని ఒకాయన."

"ఊ," అన్నాడు అసిరయ్య, అరవై ఏళ్ల అలవాటు కొద్దీ. వెంటనే అతని చొక్కా బెల్లం పాకం, నువ్వుల వాసన కొట్టింది. తవిటినాయుడికి ఆకలేసింది.

"ఆయన తన పేరు వెతుక్కుంటూ బయల్దేరాడు."

"ఊ."

"దారిలో వాగు అడ్డొచ్చింది."

"ఊ." అసిరయ్య పాదాలు తడిశాయి.

"బరువు దించితేనే దాటనిస్తానంది వాగు. ఆయన తన నాయనమ్మ చెప్పిన కథలన్నీ అందులో వదిలేశాడు."

మిషను ఆగింది. ఊ కోసం చూస్తోంది.

"వొద్దు తాతా, కొట్టకు!" అన్నాడు తవిటినాయుడు.

"మరి పేరో?"

"కత ఇక్కడే ఆగిపోతాది. నువ్వు అరిసయ్యవే. మూడేళ్ల దాకా మళ్లీ దరకాస్తు తీసుకోదు."

"ఇంకోటేదైనా అడగమను బావూ. ఈ కండువా ఒగ్గేస్తాను."

"కండువా పోతే ఎవులేడుస్తారు తాతా? కతలో ఏడుపు రావాలని రూలు."

అసిరయ్య పెదాలు బిగబట్టాడు. మాట్లాడే కుండ కథ, చెవిటి దొంగ కథ, చందమామకి జ్వరమొచ్చిన కథ ఒక్కొక్కటే లోపల తడుముకున్నాడు. మిషను ఆగే ఉంది. ఆ నిశ్శబ్దం అతనికి బాగా తెలిసిందే. కథ చెప్పేవాళ్లు అలాగే ఆగి, పిల్లాడు పడుకున్నాడేమోనని చెవి ఒగ్గుతారు.

"తొంగున్నావేట్రా?" అని అడిగింది మిషను, మెల్లగా.

"ఊ," అన్నాడు అసిరయ్య.

కార్డు వెచ్చగా బయటికొచ్చింది. అసిరయ్య. ఒక్క అక్షరం తప్పులేదు.

బయట మెట్లమీద కూర్చున్న భార్య పోలమ్మ లేచింది. "వొచ్చిందా మావా, మీ నాయినమ్మెట్టిన పేరు?"

"పేరు ఆపీసోలు ఇచ్చారే. నాయినమ్మెవులు?"

పోలమ్మ అతని మొహంలోకి చూసింది. ఆ కథలు నలభై ఏళ్లుగా అతని నోట విన్నవే, ఆవిడకీ కొన్ని వచ్చు. ఆటో వచ్చేలోపు ఒకటి ఎత్తుకుంది.

"అనగనగా ఒక కుమ్మరోడు. ఆడికాడ మాటలాడే కుండ ఉండీది."

అని, ఊ కోసం ఆగింది.

అసిరయ్య శ్రద్ధగా విన్నాడు. బాగుందనిపించింది. వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో తెలియక, ఆవిడ ముందుకి బొటనవేలు చాపాడు.