గాలిదిండు నడుము నలభై నాలుగు

ఆ సోమవారం పొద్దున టైలరు మామ పెట్టుకున్న పని ఒక్కటే. టీ తాగి, కొట్టు తీసి, కొలతల పుస్తకంలోని పేజీలన్నీ ఫోన్లో ఫొటోలు తీసి అత్తకి పంపాలి. అత్త అంటే ఆయన భార్యే. వీధికంతటికీ ఆయన మామ కాబట్టి ఆవిడ అత్త. కొట్లో కాజాలు కుట్టేదీ, గుండీలు వేసేదీ, మామ నోరు జారినప్పుడు సర్దేదీ ఆవిడే.

ఈ ఫొటోల ఆలోచన కూతురిది. ఆ పిల్ల ఏదో పెద్ద ఆఫీసులో జనాల వివరాలు దొంగలపాలు కాకుండా కాపలా కాసే ఉద్యోగం చేస్తోంది. ముందురోజు ఇంటికొచ్చింది. పైకప్పు కారి పుస్తకం అట్ట ఉబ్బిపోవడం చూసి, అమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టి అరగంట క్లాసు పీకింది. "నాన్నా, జనం నిన్ను నమ్మి ఇచ్చిన వివరాలివి. ఇంకో కాపీ ఉండాలి, అది ఎవరి కంటా పడకూడదు," అంది.

మామకి లోపల నవ్వొచ్చింది. తాతకి దగ్గు నేర్పడమంటే ఇదే. పాస్‌వర్డులు పుట్టకముందే ఆయన ఆ పుస్తకంలో ఒక్క మనిషి పేరూ రాయలేదు. అన్నీ మారుపేర్లే. ఏ పేరు ఎవరిదో ముప్ఫై ఏళ్లుగా ఆయనకి తప్ప, కట్టుకున్న ఆవిడకి కూడా తెలీదు. పేరు పక్కన కొలతలు, కొలతల కింద ఆయన సొంత పరిశోధన. "గాలిదిండు. నడుము నలభై నాలుగు. ముప్ఫై ఎనిమిది అంటాడు, సరే అనాలి. ఊపిరి బిగబట్టి నిలబడతాడు. ఏదో ఒకటి అడిగి, జవాబు చెప్పేటప్పుడు కొలవాలి." ఇంకో పేజీలో "ఒంటె. ఎడమ భుజం దిగువ. దూది పెట్టాలి. పెట్టినట్టు తెలియనివ్వకూడదు."

ఇలాంటివి ఇరవై మూడు పేజీలు. మామ అన్నిటినీ శుభ్రంగా ఫొటోలు తీశాడు, కళ్లజోడు సర్దుకుని బాణం గుర్తు నొక్కాడు. అవి అత్త ఫోన్‌కి పోలేదు. తిన్నగా పోయి స్టేటస్‌లో కూర్చున్నాయి. మామ ఫోన్లో లేని కస్టమరు లేడు. బట్టలయ్యాయా అని పూటపూటా అడిగేవాళ్లే అందరూ.

పది నిమిషాలకి ప్లీడరు గారు ఫోన్ చేశారు.

"మామా, ఎవరయ్యా ఈ గాలిదిండు? పొద్దున్నే పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను."

మామ గబుక్కున ఫోన్ పెట్టేశాడు. ఎందుకంటే, ఆయన పట్టుకుని నవ్వుతున్న ఆ పొట్టే నలభై నాలుగు.

తుడిచెయ్యడం ఎలాగో మామకి తెలీదు. తెలిసింది చేశాడు. "ఇందాక పెట్టినవి పొరపాటున వచ్చాయి, దయచేసి ఎవరూ చూడొద్దు" అని ఇంకో స్టేటస్ పెట్టాడు. దాంతో అప్పటిదాకా చూడనివాళ్లు కూడా చూశారు. అత్త కూతురికి ఫోన్ కలిపింది. అవతల ఆ పిల్ల ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటే చెప్పి తీయించింది. ఈలోగా ఎదురు వరసలోని సెలూనతను ఇరవై మూడు పేజీలూ తన ఫోన్లో దాచుకున్నాడు.

ఇక సెలూన్లో పని ఏం సాగుతుంది? గడ్డం సగం గీయించుకున్నవాళ్లు అద్దంలో తమ మొహం మానేసి పక్క కుర్చీవాడి నడుము చూస్తున్నారు. విచిత్రమేమిటంటే, తన పేజీని తనదని ఒక్కడూ అనుకోలేదు. ప్రతివాడికీ అందులో పక్కింటివాడే కనిపించాడు. ప్లీడరు గారు బాగా ఆలోచించి, గాలిదిండు అంటే డ్రిల్లు మాస్టారే అని తీర్పిచ్చారు. ఆ మాట డ్రిల్లు మాస్టారి చెవిన పడింది. మాస్టారికి ఒంటినిండా కండ తప్ప కొవ్వు లేదు. ఎడమ భుజం మాత్రం కొంచెం దిగువ.

మధ్యాహ్నానికి ఇద్దరూ వాదించుకుంటూ కొట్టు మెట్లెక్కారు. వెనక సెలూనతను, ఆ వెనక అంటించిన సబ్బు ఆరిపోతున్న నలుగురైదుగురు.

"టేపు తియ్యి మామా," అన్నాడు డ్రిల్లు మాస్టారు. "నన్నూ ఈయన్నీ అందరి ముందూ కొలువు. పుస్తకంతో ఎవరిది కలిస్తే వాడే గాలిదిండు."

ప్లీడరు గారు సంతోషంగా ఒప్పుకున్నారు. పాపం, తాను ముప్ఫై ఎనిమిదే అని ఆయన నిజంగానే నమ్ముతున్నారు.

మామ టేపు మెడలోంచి తీశాడు. ఉన్నదున్నట్టు చదివితే ఆ పెద్దమనిషి పరువు వీధిన పడుతుంది, ఆ వెంటనే ఒంటె ఎవరో కూడా బయటపడుతుంది. అబద్ధం చదివితే, ముప్ఫై ఏళ్లుగా అంగుళంలో ఎనిమిదో వంతు తప్పని చెయ్యి అన్న పేరు పోతుంది. అత్త మిషను దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"ఏవండీ, మీ కళ్లజోడు మసకబారినట్టుంది. ఇలా ఇవ్వండి, తుడుస్తాను," అని ఆయన మొహం మీంచి తనే తీసుకుని, చీర కొంగుతో తుడుస్తూ అక్కడే నిలబడింది. ఎంతకీ తుడవడం అవలేదు.

కళ్లజోడు లేని మామకి టేపు తెల్లటి నాడా. నిశ్చింతగా ప్లీడరు గారి చుట్టూ తిప్పి ముప్ఫై ఎనిమిది అన్నాడు. మాస్టారి భుజాలు రెండూ సమానమన్నాడు. మిగతావాళ్లూ మేమూ మేమూ అంటూ చేతులెత్తి నిలబడ్డారు. అందరికీ అడిగినవాడి మొహం చూసి అంకె చెప్పాడు. సెలూనతను పేజీలు తిప్పి తిప్పి, ఒక్కటీ కలవట్లేదని తేల్చాడు.

"అయితే ఈ పుస్తకమంతా తప్పులేనా మామా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"తప్పులే," అన్నాడు మామ. నేల చూస్తూ, "నాకు మొదట్నించీ కొలవడం సరిగ్గా రాదు," అన్నాడు.

అత్త కొంగు చేతిలో ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ల పేరు అలా ఒక్క మాటలో పోతుంటే చూడలేక, కళ్లజోడు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, ఆ చెయ్యి అలాగే పట్టుకుంది.

అప్పుడు ప్లీడరు గారు తన కోటు అంచు రెండు వేళ్లతో నిమిరారు.

"కొలతలన్నీ తప్పు. అయినా ఇన్నేళ్లలో నాకు ఒక్క చొక్కా తేడా రాలేదు. మీకు వచ్చిందా? మీకు? అంటే ఈయన టేపుతో కుట్టడం లేదండీ. కంటితో కుడుతున్నాడు."

సెలూనతను చెప్పులు విడిచి మరీ లోపలికి వచ్చాడు. ఇంత విద్య ఉన్నవాడికి ఈ పిచ్చి పుస్తకం ఎందుకని, ప్లీడరు గారే దగ్గరుండి ఇరవై మూడు పేజీలూ ముక్కలు చేయించారు, సెలూనతని ఫోన్లోవీ తీయించారు. సంగతి విని కూతురు ఫోన్లో తెగ మెచ్చుకుంది. అసలు వివరాలే తీసుకోకపోవడం అన్నిటికంటే భద్రమనీ, ఈ మాట తమ ఆఫీసులో ఎంత మొత్తుకున్నా ఎవరూ వినడం లేదనీ చెప్పింది.

ఆ తర్వాత మామ కొట్లో కొలతకి నిలబడిన మనిషి లేడు. టేపు తీస్తే చాలు, మా దగ్గర నాటకాలా అని నవ్వి, బట్ట బల్ల మీద పడేసి పోతున్నారు. పోనీ కొలత చూసుకోవడానికి ఆదిగా పాత ప్యాంటు ఒకటివ్వండని బతిమాలినా అదీ నవ్వులాటే. చేసేది లేక మామ, మనిషి మెట్లు దిగి వెళ్తుంటే వెనక నుంచి కళ్లు చికిలించి చూసి, దేవుడి మీద భారం వేసి కత్తెర పెట్టాడు.

ఆ నెల కుట్టిన ప్యాంట్లన్నీ బిగుతే. డ్రిల్లు మాస్టారు పిల్లల చేత వంగే వ్యాయామాలు మాన్పించాడు. ప్లీడరు గారు క్లయింట్లతో కూడా నిలబడే మాట్లాడుతున్నారు. మామ మాత్రం ఎవరు తిట్టడానికి వస్తారోనని రోజూ వాకిలి వైపు చూస్తూనే ఉన్నాడు, ఒక్కరూ ఫిర్యాదుకి రాలేదు.

బిగుతు అనాలంటే ముందు నడుమెంతో చెప్పాలి.